మాడిన పాలలో మూడు చుక్కలు

ఆ సీసా మా ఇంటికొచ్చిన రోజు పొద్దుటి నుంచి నా కుడికన్ను అదురుతూనే ఉంది.

మా ఎదురింటి రూతమ్మ టీచరు క్రిస్మసుకు కేకు చేసుకోగా మిగిలిన వెనీలా ఎసెన్సు అది. చిటికెన వేలంత సీసా, అందులో గోధుమరంగు నీళ్లు. "సెలవులకు మా అన్న దగ్గరికి పోతున్న అక్కా. ఇంట్ల పెడ్తే ఎలుకలు దొర్లిస్తయ్. నీ దగ్గరుంచుకో. సేమియాల గిట్ల రెండు చుక్కలెయ్యి, మల్లి ఇష్టంగ తింటడు" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె గడప దాటగానే మూత తీసి వాసన చూశాను. అటువంటి వాసన నా ముక్కుకు ఎన్నడూ తగల్లేదు. పూలది కాదు, పండుది కాదు. మీగడకూ బెల్లప్పాకానికీ పెళ్లి చేసినట్టుంది. ఇంత మంచి వాసన ఏ చెడుకు వచ్చిందో అనుకున్నాను. సీసా చూస్తే అచ్చం దెబ్బలకు పూసే టించరు సీసా. ఎవరైనా పొరబడి టించరును సేమియాలో పోస్తే? అందుకని టించరును తీసి దేవుడి గూట్లో పెట్టాను. దేవుడి దగ్గర మందేమిటని మళ్లీ భయమేసి మా ఆయన చొక్కాల పెట్టెలో పెట్టాను. మూడో రోజు ఆయన తెల్లచొక్కా జేబు ఎర్రగా అయింది. ఆ మరక చూసి నెత్తురనుకుని నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు.

నేను అట్లాంటిదాన్నే. మావాళ్లకు అలవాటైపోయింది. చదివింది ఐదో తరగతి, అందులో సగం రోజులు జ్వరం. తెలియని సంగతి ఎదురైతే అది చెడ్డదే అనుకోవడం నాకు సులువు.

మాది మిర్యాలగూడలో చిన్న బియ్యం మిల్లు. సాగర్ కాలువ నీళ్లు వచ్చాక ఊరి చుట్టూ వడ్లే వడ్లు. మరకు తీరిక లేదు. మిల్లు మా ఆయనదీ, కోదాడలో ఉండే మా బావగారు నాగేశ్వర్ రావుగారిదీ ఉమ్మడి. మాకు ఒక్కడే కొడుకు, మల్లికార్జున్. పీయూసీ అయిందనిపించి ఇంట్లో ఉన్నాడు. ఉగాది నుంచి వాణ్ని మిల్లులో నిలబెట్టాలని అన్నదమ్ములిద్దరూ నిశ్చయించారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. మిల్లులో ఇంజనుకూ మరకూ మధ్య జానెడు వెడల్పు తోలు పట్టా పరుగెడుతూ ఉంటుంది. ఎక్కడో ఒక మిల్లులో ఒకాయన ధోతి అంచు ఆ పట్టాలో చిక్కుకుందట. ధోతి పోయింది, మనిషి బతికాడు. అందరూ ధోతి సంగతి చెప్పుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఆ మనిషే కళ్లముందు కదులుతాడు.

"మనోడు ప్యాంటు తొడుగుతడు గదనే" అన్నారు మా ఆయన.

"మరి చొక్కా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మిల్లుకు వెళ్లిపోయారు.

మల్లికి కూడా మిల్లు ఇష్టం లేదు. వాడిది భయం కాదు. వాడికి మనుషులు కావాలి, ముచ్చట్లు కావాలి. మర చప్పుడులో ఎవరు ఏమన్నా వినబడదని వాడి బాధ.

ఇక కాఫీ సంగతి. అప్పట్లో మా ఇళ్లలో చాయే. కాఫీ అంటే కోదాడ అవతలివాళ్ల తాగుడు. అయితే కాలువల పని మీద ఆ వైపు ఉద్యోగులు మా ఊళ్లో దిగాక, వచ్చిపోయేవారి కోసం నేనూ ఒక ఇత్తడి ఫిల్టరు కొన్నాను. సంక్రాంతి ముందు ఒక పొద్దున కాలువల ఓవర్సీరుగారు బియ్యం కోసం వచ్చి వసారాలో కూర్చున్నారు. కృష్ణా జిల్లా మనిషి. మంచినీళ్లిచ్చి, డికాక్షను దింపి, పాలు పొయ్యి మీద పెట్టాను.

మిల్లు ఇల్లు కాబట్టి మాది ఊక పొయ్యి. ఇనప డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, సీసా మెల్లగా లాగేస్తే నడుమ గొట్టంలాగా దారి పడుతుంది. కింద నిప్పంటిస్తే గంటల తరబడి కుదురుగా మండుతుంది. గట్టిగా కూరకపోతే మాత్రం పొగ చిమ్ముతుంది. ఆ పొద్దున నేను గట్టిగా కూరలేదు. మల్లి ఈతకని కాలువకు పోయాడు, నా మనసంతా అక్కడే ఉంది. పాలు పెట్టానో లేదో వీధిలో ఎవరో "కాలువల పడ్డది, కాలువల పడ్డది" అనుకుంటూ పోతున్నారు. గుండె చేత్తో పట్టుకుని ఉరికాను. పడింది బర్రె. అదీ తనంతట తనే బయటికొచ్చిందట.

తిరిగి వచ్చేసరికి పాలు అడుగంటాయి. పొగ కూడా పట్టింది. ఇంట్లో ఇంకో చుక్క లేదు. వేములపల్లి నుంచి పాలు తెచ్చే లింగన్న మళ్లీ సాయంత్రం గాని రాడు. వసారాలో ఓవర్సీరుగారు రెండోసారి దగ్గారు.

అప్పుడు ఆ సీసా కనబడింది. మాడు వాసన దీని కింద అణగకపోతుందా అని కాఫీలో మూడు చుక్కలు వేశాను. చుక్కకొక దేవుణ్ణి తలుచుకున్నాను. తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. ఆయన ఒక గుక్క తాగి ఆగిపోయారు. గ్లాసులోకి చూశారు. నా పని అయిపోయింది అనుకున్నాను.

"అమ్మగారూ, ఇంకొంచెం ఉంటుందాండీ?" అన్నారాయన.

అంతలో మల్లి తడి జుట్టుతో వచ్చి గిన్నెలో మిగిలింది గ్లాసులో వంపుకుని తాగాడు. "అమ్మా! ఏమేసినవే ఇండ్ల?"

"రూతమ్మ టీచరిచ్చింది, వెనీలా."

"ఇంకేం?"

"ఇంకేముంటది!" అన్నాను. గరిటె కడగడానికి అటు తిరిగి అన్నాను.

నేనూ అడుగున మిగిలిన నాలుగు చుక్కలు నాకి చూశాను. ముందు ముక్కుకు ఆ కమ్మదనం వస్తుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. తర్వాత కాఫీ చేదు. అంతా అయ్యాక నాలుక చివర ఎక్కడో సన్నగా పొగ. గ్లాసు కింద పెట్టినా అది నోరు విడవదు. ఇంకోసారి తాగితే గాని తీరదనిపిస్తుంది. ఇదేదో కల్లు లక్షణమని నాకు దిగులు పట్టుకుంది.

రెండో రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని, పాలు చక్కగా కాచి, మూడు చుక్కలు వేసి ఇచ్చాను. మల్లి తాగి, "మంచిగనే ఉంది. కని నిన్నటిది గాదు" అన్నాడు. ఓవర్సీరుగారు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, తాగి, మర్యాదకు తలూపి వెళ్లారు. నాలుగో రోజు పొయ్యి మళ్లీ పొగ చిమ్మి పాలు అంటుకున్నాయి. ఆ రోజు మల్లి ఎగిరి గంతేశాడు. "ఇదే అమ్మా, ఇదే!"

అప్పుడు నాకు తెలిసింది. తెలిసి, ఎవరితో చెప్పను? నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి పాలు మాడిస్తే మా అత్తగారు తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. వచ్చినవాళ్లందరికీ ఆ గిన్నె చూపించారు. పాలు మాడ్చే ఆడదానికి ఇంట్లో ధ్యాస లేదని అర్థం. ఇరవై ఆరేళ్లు కాపురం చేసి ఆ పేరు మళ్లీ తెచ్చుకుంటానా? అందుకని ఎవరూ చూడకుండా ఊక వదులుగా కూరి, పాల గిన్నె మూత తీసి, పాలు అడుగంటేదాకా పక్కన నిలబడేదాన్ని. కావాలని పాలు మాడ్చడానికి చెయ్యి రాదు. కళ్లు మూసుకునేదాన్ని. ఈ మాడు కడుపులోకి పోతే మల్లికి ఏమవుతుందోనని వాడికి రెండు పూటలా జీలకర్ర నీళ్లు తాగించేదాన్ని.

నెల తిరిగేలోపు మా వసారా ఉద్యోగులతో నిండిపోయింది. రూతమ్మ టీచరు సెలవుల నుంచి వచ్చి ఇదంతా చూసి, "నా కేకుకే గింత పేరు రాలేదక్కా!" అని నవ్వి, హైదరాబాదు పోయేవాళ్లతో ఇంకో రెండు సీసాలు తెప్పించి ఇచ్చింది.

ఒకనాడు అన్నం తింటూ మల్లి వాళ్ల నాన్నతో అన్నాడు. "నాయినా, నేను సూర్యాపేటల కాఫీ హోటల్ పెడ్త. హైదరాబాదు పోయే బస్సు, బెజవాడ పోయే బస్సు, అన్నీ గాడ ఆగుతయ్. దిగినోళ్లకు చాయ్ అంతట దొర్కుతది. అమ్మ కాఫీ ఏడ దొర్కుతది? రోడ్డు మీద కోటయ్య అనెటాయన రూము సూసిన. ఐతారం దాక ఎవ్వరికియ్యనన్నడు."

నాకు ఒక్కసారి ఊపిరి వచ్చింది. హోటల్లో పట్టా ఉండదు. మరుక్షణం మళ్లీ పోయింది. ఆ రోడ్డు మీద లారీలు ఉంటాయి.

మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టారు. "అన్న మాట నేను దాటను. అన్నొచ్చి తాగి సరే అంటే సరే. కాదంటే ఉగాదికి మిల్లు. మళ్ల మాట్లాడొద్దు."

"సరే" అన్నాడు మల్లి. వాడికి తన కాఫీ మీద అంత నమ్మకం. ఆ కాఫీ సగం నా చేతిలో ఉందని వాడికి తెలియదు.

మా బావగారి గురించి చెప్పాలి. సూర్యాపేట గింజల మార్కెట్లో ఆయన ముక్కంటే తెలియనివారు లేరు. బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి, నోటి ఆవిరి ఒకసారి ఊది, వాసన చూసి, ఏ ఏటివో, వానకు తడిశాయో లేదో, గోదాములో ఏ మూల ఉన్నాయో చెప్పేవారు. ఒకసారి ఎవరో పాతబియ్యానికి ఏదో సెంటు పట్టించి సన్నబియ్యమని లారీ నిండా పంపితే, బావగారు ఒక్క బస్తా విప్పి, "మంచి సరుకైతే సెంటెందుకయ్యా?" అని లారీ మొత్తం తిప్పి పంపారు. అటువంటి మనిషి ముందు మేం వాసన కలిపిన కాఫీ పెట్టబోతున్నాం.

ఇంకో ముచ్చట. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు, మాట్లాడదు. ఆయన వస్తే నేను తలుపు వెనక్కి వెళ్లేదాన్ని. నాకేమైనా చెప్పాలంటే ఆయన "మీ అమ్మకు చెప్పరా" అని మల్లితో అనేవారు. ఇరవై ఆరేళ్లలో నేను ఆయన ముఖం సరిగా చూసింది పెళ్లి ఫోటోలోనే.

శనివారం సూర్యాపేటలో రుచి చూడ్డానికి ఏర్పాటయింది. బావగారు కోదాడ నుంచి వస్తారు, మేం ఇక్కణ్ణుంచి వెళ్లాలి. మల్లి కొత్త కిరసనాయిలు స్టవ్వు కొన్నాడు, పంపు కొట్టేది. దాని మీద పాలు ఎంత తెల్లగా, ఎంత శుభ్రంగా కాగుతాయో నాకు ముందే తెలుసు. వాడికి చెబుదామని ఆ వారమంతా నోరు తెరిచాను.

"మల్లీ, పాలున్నయ్ సూడు..."

"మంచి పాలే తెప్పిస్తున్ననమ్మా. నువ్వు భయపడకు."

"అది గాదురా. ఊక పొయ్యి అయితే..."

"స్టవ్వు పేలదమ్మా! ఎందరు వాడ్తలేరు?"

నేనేం చెప్పబోయినా భయమే అనుకునేవాడు. అంతవరకు నా భయాలు నన్ను నవ్వులపాలు చేశాయి గాని, నోరు కట్టేయడం అదే మొదలు. నిజం చెప్పాలంటే నేనూ దాని చాటునే దాక్కున్నాను. "స్టవ్వంటే నాకు భయం, నా పొయ్యి నేను తెచ్చుకుంట" అని చెప్పి, ఊక పొయ్యినీ ఒక గోనె సంచి ఊకనూ బస్సెక్కించాను.

"ఇదేందమ్మా, సూర్యాపేటల ఊక దొర్కదా?" అన్నాడు కండక్టరు.

"దొర్కకపోతే?" అన్నాను.

"గ్లాసులు పగలకుంట కింద పరుస్తం లే అన్నా" అని మల్లి సర్దిచెప్పాడు. మా ఆయన మమ్మల్ని ఎరగనట్టు ముందు సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా కుదుపు కుదుపుకూ ఊక రాలుతూ ఉంది. బస్సు దిగేసరికి అందరి జుట్టులోనూ మా మిల్లు ఉంది.

కోటయ్యగారి రూము రోడ్డు మీదికే ఉంది. ఎదురుగా బస్సులు ఆగుతున్నాయి, జనం దిగి ఒళ్లు విరుచుకుంటున్నారు. మల్లి గదిని రెండు చేసి మధ్యన గోనెపట్టా తెర కట్టాడు. వెనక వంట, ముందు రెండు బల్లలు. నేను తెర వెనక నా పొయ్యి దింపుకోగానే, "అమ్మా, దాన్ని మూలకు పెట్టు. హోటల్ల ఊక పొయ్యి చూస్తే నవ్వుతరు" అని స్టవ్వుకు పంపు కొట్టడం మొదలుపెట్టాడు.

బావగారు వచ్చారు. తెల్లటి ధోతి, చంకలో గొడుగు. తెర సందులోంచి ఆయన చెప్పులు కనబడ్డాయి. మల్లి చక్కటి డికాక్షను దింపాడు. పాలు కాచాడు. పొంగకముందే దించాడు, మీగడ చెదరలేదు. చూసే తల్లికి ఎంత ముచ్చటగా ఉండాలి! నాకు మాత్రం ఒక్కో క్షణం ఒక్కో మేకు. "ఇంకా జరసేపు ఉంచు బిడ్డా" అన్నాను. "మాడ్తయమ్మా!" అన్నాడు వాడు. మూడు చుక్కలు వేసి గ్లాసు పట్టుకెళ్లాడు.

బావగారు ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఒక్క గుక్క తాగారు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

"మల్లీ, ఏం దాస్తున్నావురా దీంట్లో?"

"దాసుడేంది పెదనాయినా?"

"పాలు బాగున్నయి. పొడి మంచిదే. నీ చెయ్యీ శుభ్రంగానే ఉంది. బాగున్నదాని మీద సెంటు పోశావంటే, నాకు కనబడనిదేదో ఉన్నట్టే గదా. లేదంటే నీకే నీ సరుకు మీద నమ్మకం లేదు. ఏదైనా సరే, బస్సు దిగిన మనిషి ఒక్కసారి తాగుతాడు, మళ్లీ రాడు."

"ఇంటికాడ మంచిగుంటుండె..." అన్నాడు మల్లి. తెర వైపు తిరిగి చూశాడు. వాడికే తెలుస్తోంది అది ఇంటి కాఫీ కాదని.

"నీ ఇష్టం అన్నా" అన్నారు మా ఆయన.

"ఇష్టమేముందిరా. ఉగాది నాడు మంచి గడియ చూసి మిల్లుకు రమ్మను."

ఆ రూములో మిల్లు లేదు. అయినా నాకు పట్టా చప్పుడు వినబడింది. టపటపటపమని, నా చెవి పక్కనే.

"దాచింది వాడు కాదు బావగారూ. నేను."

ఎవరో అన్నారనుకున్నాను. నేనే అన్నాను. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది.

"నువ్వు లోపలికి పోవే!" అని అరిచారు మా ఆయన.

నేను లోపలే ఉన్నాను. అందుకని బయటికొచ్చాను.

నన్ను చూసి బావగారు గబుక్కున లేచి, మర్యాద కొద్దీ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఆయన వీపుకు చెప్పాను. బర్రె కాలువలో పడిన దగ్గర్నుంచి అంతా చెప్పాను. పాలు మాడాయని, వాసన దాచడానికే చుక్కలు వేశానని, నెలన్నరగా రోజూ కావాలనే మాడుస్తున్నానని. మల్లి నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. మా ఆయన తల పట్టుకున్నారు.

"మల్లీ" అన్నారు బావగారు రోడ్డుతో. "మీ అమ్మనడుగు. ఎంతసేపు మాడుస్తదో."

"అమ్మా, ఎంతసేపు?" అన్నాడు మల్లి. మా ముగ్గురి మధ్యా మూడడుగుల దూరం కూడా లేదు.

"అడుగున ఎర్రగ అంటుకునేదాక. నల్లగ గాకముందే తియ్యాలె."

"ఎర్రగ అంటుకునేదాక అంట పెదనాయినా."

"చేసి చూపించమను."

మల్లి తెర పక్కకు లాగాడు. పొయ్యి నడుమ సోడా సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, కావలసినంత వదులుగా కూరి, సీసా లాగాను. నిప్పంటించగానే పొగ గది నిండి రోడ్డుకు ఎక్కింది. రూము కాలుతోందని బస్సు దిగినవాళ్లు నలుగురు పరుగెత్తుకొచ్చారు. "ఏం లేదు, కాఫీ కాస్తున్నం" అని మల్లి వాళ్లకు చెబుతున్నాడు. అందరి ముందూ పాలు మాడ్చాను. ఈసారి కళ్లు మూసుకోలేదు.

మూడు చుక్కలు వేసి మల్లి చేతికిచ్చాను. బావగారు రోడ్డు వైపే తిరిగి గ్లాసు అందుకున్నారు. వాసన చూశారు. తాగలేదు. మళ్లీ చూశారు.

"ఇది మన మిల్లు ఊక."

"అవునన్నా" అన్నారు మా ఆయన.

"తడిసిన వడ్లది. తడిసిన వడ్లు నాకు చెప్పకుండా ఎప్పుడు ఆడించావు?"

మా ఆయన ముఖం అప్పుడు చూడాలి. "అది... పోయిన నెల, ఒక్క బండే అన్నా..." అంటూ జుట్టులో ఊక దులుపుకోసాగారు. నా మాడిన పాలు ఒక్కసారిగా చిన్న తప్పయిపోయాయి.

అప్పుడు తాగారు బావగారు. ఒక గుక్క, ఆగి ఇంకో గుక్క. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి, బరువేదో దించినట్టు. గ్లాసు ఖాళీ చేసి మల్లి చేతికిచ్చారు.

"ఇందులో దాచిందేమీ లేదురా" అన్నారు చివరికి. "మాడూ తెలుస్తుంది, సెంటూ తెలుస్తుంది. మాడు లేకపోతే ఆ సెంటు వట్టి తీపి. సెంటు లేకపోతే మాడు వట్టి మాడు. నువ్వు చేసినదాంట్లో సగమే ఉంది, అందుకే నాకు అనుమానమొచ్చింది. రూము తీసుకో."

మల్లి నన్ను ఎత్తినంత పని చేశాడు. "పడ్తరా, పడ్త!" అని నేను అరుస్తున్నాను.

"ఒక్క షరతు" అన్నారు బావగారు. "అడిగినవాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి. అడగనివాడికి కూడా తెలియాలి. గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయించు. మాడిన పాల కాఫీ అని."

మా అత్తగారు ఒక్క గిన్నె చూపించారు నలుగురికి. ఈయన బెజవాడ రోడ్డంతటికీ చూపించమంటున్నారు. మా పుట్టింటివాళ్లు ఆ దారినే పోతారు. ఏ బస్సులోంచో మా వదిన తల బయటపెట్టి చదువుతుంది.

మల్లి నా వైపు చూశాడు. వాడి చొక్కా చేతులు రెండూ మోచేతులదాకా మడిచి ఉన్నాయి, పాల మరకలు పడి. మంచి చేతులు. పదివేళ్లూ ఉన్నాయి.

"రాయించు బిడ్డా" అన్నాను. "అక్షరాలు మంచిగ రాసేటోనితోటి రాయించు."

ఎదురుగా కోదాడ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "కోదాడ, కోదాడ" అని పిలుస్తున్నాడు. బావగారు గొడుగు చంకన పెట్టుకున్నారు. గడప దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగారు. మల్లి వైపు కాదు, నా వైపే. ఫోటోలోకంటే ముసలివారయ్యారు. ముక్కు మాత్రం అదే.

"అమ్మా స్వరాజ్యలక్ష్మీ, ఇంకొంచెం ఉందా?"

మా అత్తింట్లో నాకొక పేరుందని ఆయనకు తెలుసని నాకు అంతవరకు తెలియదు.

"పాలున్నయ్ బావగారూ" అన్నాను. "కని మాడెటందుకు జరసేపు పడ్తది."

ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నారు. కోదాడ బస్సు కదిలింది. ఇంకో బస్సు ఉందో లేదో, ఉన్నా సీటు దొరుకుతుందో లేదో, దారిలో టైరు పంక్చరైతే ఈ పెద్దమనిషి ఏమైపోతాడోనని నా ప్రాణం కొట్టుకులాడుతోంది. ఆయన మాత్రం బస్సు వైపు చూడనే లేదు. పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నారు.